ఓడలో మూడు రోజులు, గ్రౌండ్‌లో 90 నిమిషాలు: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)

గౌరవనీయులైన క్రీడల మంత్రి గారికి,

నమస్కారం. అండమాన్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ని. ఇంతకుముందు పెట్టిన అర్జీలకు "పరిశీలనలో ఉంది" అన్న జవాబు వచ్చేది. ఈమధ్య అదీ రావడం లేదు. అందుకే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, మా జట్టులో తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట మీద స్థిరపడ్డవాళ్లు. ఆ పిల్లలు పడే అవస్థ అక్కడి చుట్టాలకైనా తెలియాలి.

పోటీల నోటీసు రాగానే మిగతా కోచ్‌లు మొదటి మ్యాచ్ ఎవరితోనో చూసుకుంటారు. నేను ఓడ ఏ తేదీన ఉందో చూసుకుంటాను. ఇక్కడి నుంచి చెన్నైకి 1,190 కిలోమీటర్లు, విశాఖకు 1,200, కోల్‌కతాకు 1,255. ఓడ రోజూ ఉండదు. ఉన్నదాని తేదీ కూడా తుఫాను వస్తేనో, రిపేరు పడితేనో మారిపోతుంది. నాలుగు రోజులు ముందు వెళ్లామంటే అక్కడ బస ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడుగుతారు. ఆఖరి ఓడకు వెళ్లామంటే, దిగిన మర్నాడే మ్యాచ్.

విమానం ఎక్కొచ్చు కదా అంటారు. ఎక్కితే మూడు గంటల లోపే చెన్నైలో ఉంటాం, నాకూ తెలుసు. 2023లో మా ఎయిర్‌పోర్టులో కొత్త టెర్మినల్ కూడా తెరిచారు. కానీ డబ్బులిచ్చే ఆఫీసు స్లీపర్ క్లాసు రైలు ఛార్జీ లెక్కకట్టి ఇస్తుంది. టీఏ (ప్రయాణ భత్యం) ఫారంలో "బయలుదేరిన రైల్వే స్టేషన్" అని ఒక గడి ఉంటుంది. ఈ ద్వీపాల్లో రైలు పట్టాలే లేవండి. గడి ఖాళీగా వదిలేస్తే బిల్లు వెనక్కి వస్తుంది. హార్బర్ పేరు రాసినా వెనక్కి వస్తుంది. చివరికి మద్రాసు స్టేషన్ పేరు రాయమని సలహా ఇచ్చారు. అంటే మా పిల్లలు సముద్రం దాటిన ఖర్చు ఏ కాగితం మీదా కనపడదు. అది తల్లిదండ్రుల జేబులోంచి పోతుంది, లేదా అప్పు అవుతుంది.

ఓడలో ఏం జరుగుతుందో కూడా చెప్పనివ్వండి. అన్నిటికన్నా చవకైన బంక్ క్లాసులో, కింద గాలి ఆడదు. మొదటి రాత్రి నుంచే సగం మందికి వాంతులు. కంచం ముందు కూర్చున్నవాడు రెండు ముద్దలు తినకుండానే లేచిపోతాడు. నిమ్మకాయ వాసన చూసుకుంటూ పడుకుంటారు. ఇలా రెండున్నర రోజులు, ఒక్కోసారి మూడు రోజులు. దిగాక కూడా నేల ఊగుతూనే ఉంటుంది. మా స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) ఒకడు, మంచి బలమైన కుర్రాడు, తండ్రి రోజూ వేటకు వెళ్లే మనిషి. మ్యాచ్ మొదలైన కాసేపటికే హెడర్‌కి ఎగిరి, కిందకు వచ్చాక నిలదొక్కుకోలేక కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. వాడు లేచేలోపు గోల్ పడిపోయింది. గ్యాలరీలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వాడు విన్నాడు సార్.

నాకౌట్‌లో ఓడిపోతే మళ్లీ ఓడ కోసం ఎదురుచూపు. ఒక్క మ్యాచ్ ఆడి ఇల్లు చేరేసరికి రెండు మూడు వారాల క్లాసులు పోతాయి. ఇంటర్నల్స్ పోతాయి. అటెండెన్స్ తగ్గిందని ఇంటికి ఉత్తరం వెళ్తుంది. మర్నాడు తండ్రి వచ్చి "వాడిని ఆట మాన్పించండి సార్" అంటాడు. ఆయనకు ఏం సమాధానం చెప్పాలో మీరే చెప్పండి.

ఈ ద్వీపాల కాలేజీలు ఏళ్ల తరబడి పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కిందే నడిచాయి. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, కానీ మాకూ ఆ విశ్వవిద్యాలయానికీ మధ్యలో బంగాళాఖాతం ఉంది. ద్వీపాలకు సొంత విశ్వవిద్యాలయం అన్న మాట చాలాకాలంగా వింటున్నాం. వస్తే సంతోషమే. కానీ అప్పుడు కూడా విశ్వవిద్యాలయాల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలకు సముద్రం దాటాల్సిందే కదా. బోర్డు మారినంత మాత్రాన దూరం తగ్గదు.

ఇక్కడ ప్రాక్టీసు మాటా ఉంది. దేశమంతటికీ ఒకటే గడియారం, మేమేమో తూర్పు చివర. నవంబరులో సాయంత్రం ఐదు కాకముందే పొద్దుగూకుతుంది. క్లాసులయ్యాక గ్రౌండ్‌కి వచ్చేసరికి బంతి కనపడదు. అందుకే తెల్లవారుజామున ఆడిస్తున్నాను. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ గ్రౌండ్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బయటి జట్టు ఫ్రెండ్లీ ఆడటానికి ఇక్కడికి రాదు. ఎప్పుడూ అవే లోకల్ జట్లు. కార్ నికోబార్ ద్వీపంలో బంతి అంటే ప్రాణం పెట్టే పిల్లలున్నారు. వెళ్లి చూసి తెచ్చుకుందామంటే అది గిరిజనుల రక్షిత ప్రాంతం, అక్కడికి వెళ్లడానికి ట్రైబల్ పాస్ అనే అనుమతి కావాలి. ఆ నియమం అవసరమైనదే, ఎత్తేయమని అడగను. కోచ్‌లకు పాస్ త్వరగా ఇప్పించమనే అడుగుతున్నాను.

ద్వీపాల పిల్లలకు సత్తా లేదని మాత్రం ఎవరూ అనకండి. 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్‌లో రజతం తెచ్చిన ఈసో ఆల్బెన్ ఇక్కడివాడే. 2004 సునామీ నుంచి బతికి బయటపడ్డ డెబోరా హెరాల్డ్ దేశం తరఫున సైకిల్ తొక్కింది. ఇంకో నికోబార్ కుర్రాడికి ఇంట్లో ఏకంగా డేవిడ్ బెక్‌హామ్ అని ఫుట్‌బాలర్ పేరే పెట్టుకున్నారు. అతనూ పేరు తెచ్చుకున్నది సైక్లింగ్‌లోనే. వాళ్లను చూస్తే నాకెంత గర్వమో చెప్పలేను. సైక్లింగ్‌లో వాళ్లకు శిక్షణ దొరికింది, ఢిల్లీ దాకా దారి దొరికింది. ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఆ దారి ఎప్పుడు వేస్తారు?

ఖేలో ఇండియా క్రీడా పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. నేను అడిగేది విమాన టికెట్. జట్టుకు, ఒక మేనేజరుకు, రానుపోను. అది కుదరకపోతే ఓడ దిగాక కనీసం మూడు రోజులు తేరుకోవడానికి బస, భోజనం. గ్రౌండ్‌కి నాలుగు ఫ్లడ్‌లైట్లు. టోర్నమెంట్‌కి వెళ్లిన రోజులకు అటెండెన్స్. అన్నీ ఒకేసారి కాకపోతే ముందు టికెట్ సంగతి చూడండి సార్, దయచేసి.

వచ్చే సీజన్ డ్రా వెలువడే లోపు ఆ టీఏ నియమంలో ద్వీపాల జట్లకు మినహాయింపు ఇస్తూ ఒక ఉత్తర్వు పంపండి. ఆ కాపీ ఒకటి మా కాలేజీకి కూడా పంపించండి. ఆఫీసుకు తీసుకెళ్లి నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ కోచ్