కొత్త కాలనీల్లో బండికి చోటేది?

హైదరాబాద్ పడమటి శివార్లలో లేస్తున్న కొత్త కాలనీల్లో ముప్పై అంతస్తుల టవర్లకు, వంద అడుగుల రోడ్లకు చోటుంది గానీ ఒక్క తోపుడు బండికి లేదు. మేం ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టి రెండేళ్లయింది. సాయంత్రం ఆరయ్యేసరికి మా వీధి మలుపులో కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చే ఆమె చుట్టూ సిమెంటు దుమ్ముతో ఉన్న కూలీలు, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్లు కలిసే నిలబడేవారు. పది రోజుల కిందట ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఆమె బండిని లారీ ఎక్కించారు. కలిపిన పిండి గిన్నె ఫుట్‌పాత్ మీదే మిగిలింది. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పట్టుకున్న సరుకు పాడైపోయేదైతే రుసుము కట్టించుకుని, వ్యాపారి అడిగిన రోజే తిరిగివ్వాలి. ఆమెకు ఈ సంగతి తెలియదు, నిజానికి మాకూ ఆ తర్వాతే తెలిసింది. బండ్లు అడ్డమొస్తే నడిచేవాళ్లకు ఇబ్బందే, కాదనను. కానీ అదే ఫుట్‌పాత్ మీద రోజంతా నిలిపే కార్ల కోసం ఏ లారీ రాదు. లేఅవుట్‌కు అనుమతిచ్చేటప్పుడే పార్కుకు వదిలినట్టు బండ్లకూ కొంత జాగా గీసి, ఒక నీళ్ల కుళాయి, దీపం, చెత్త డబ్బా పెట్టించాలి. ఎవరికెక్కడ చోటన్నది ఆ చట్టం ప్రకారమే వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాల్సిన పట్టణ విక్రయ కమిటీలో తేల్చి, ఆ జాబితాను వార్డు ఆఫీసు గోడకు అంటించాలి.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్