పది రూపాయల బిళ్ళలు ఇక మా కొట్లో చెల్లుతాయి

మా గల్లాపెట్టె పక్కన ఏడాదిన్నరగా ఒక అట్టముక్క వేలాడుతోంది. "పది రూపాయల కాయిన్లు తీసుకోబడవు, దయచేసి వాదించవద్దు" అని స్కెచ్ పెన్నుతో రాసింది నేనే. మొన్న ఆదివారం రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు దాన్ని పీకేశాను. తెనాలిలో మా కొట్టుకి రోజూ వచ్చేవాళ్ళకీ, ఆ అట్టముక్క చూసి విసుక్కుని పక్క కొట్టుకి వెళ్ళిపోయినవాళ్ళకీ సంగతేంటో చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు. తీసుకోనని బోర్డు పెట్టాను గానీ, ఇవ్వడం మానలేదు. డబ్బాలో మూలుగుతున్నవాటిని ఎలాగోలా వదిలించుకోవాలి కదా. సాయంత్రం రద్దీలో వందకి చిల్లర ఇచ్చేటప్పుడు నోట్ల మధ్యన ఒక బిళ్ళ దూర్చి చేతిలో పెట్టేసేవాణ్ణి. చాలామంది చూసుకోరు. చూసుకుని అడిగినవాళ్ళకి నవ్వేసి నోటు మార్చి ఇచ్చేవాణ్ణి.

పట్టుకుంది ఎదురు సందులో ఉండే పిన్నిగారు. కందిపప్పుకి పది తక్కువైతే కొంగుముడి విప్పి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. "ఇది చెల్లదు పిన్నిగారూ, పైన గీతలు చూడండి, పదిహేనున్నాయి, దొంగది" అన్నాను. ఆవిడ బిళ్ళని చూడలేదు, నా మొహంలోకి చూశారు. "పొద్దున పెరుగు పాకెట్టుకి చిల్లరిచ్చింది నువ్వే కదయ్యా. పొద్దున చెల్లింది సాయంత్రానికి దొంగదైపోయిందా?" అన్నారు. అప్పుడు కొట్లో నలుగురున్నారు. నలుగురూ విన్నారు.

ఈ గొడవ మా దగ్గర ఎలా మొదలైందో చెప్తాను. బిస్కెట్ల సరుకు వేసే కుర్రాడు ఒకరోజు "పది బిళ్ళలు మా ఆఫీసులో తీసుకోవట్లేదు అన్నా" అన్నాడు. తర్వాత కూరగాయల మార్కెట్లో అదే మాట. ఒక బ్యాంకుకి సంచిలో వేసుకుని వెళ్తే, లెక్కపెట్టే మనిషి లేడని కౌంటర్లోంచే వెనక్కి పంపారు. ఇంకేముంది, నేనూ అట్టముక్క రాసేశాను. దొంగ బిళ్ళని నా కళ్ళతో ఒక్కటీ చూడలేదు. ఎవరూ తీసుకోవట్లేదని నేను తీసుకోలేదు, నేను తీసుకోవట్లేదని మా వీధిలో ఇంకెవరూ తీసుకోలేదు. అంతే.

పిన్నిగారు వెళ్ళాక ఆ రాత్రి అటక మీంచి నూనె డబ్బా దించాను. పది రూపాయల బిళ్ళలు 412 తేలాయి. మా ఆవిడా, అబ్బాయీ, నేనూ చాప మీద పోసుకుని కూర్చున్నాం. అబ్బాయి ఫోన్లో రిజర్వు బ్యాంకు ప్రకటనలు చదువుతుంటే నేను బిళ్ళలు చూస్తూ పోయాను.

పదిహేను గీతల బిళ్ళ దొంగది, పది గీతలదే అసలుది అని ఊరంతా అనుకున్నాం కదా. రెండూ అసలువే. ఈ రెండు లోహాల పది రూపాయల బిళ్ళ 2009లో చలామణిలోకి వచ్చింది. రూపాయి గుర్తుని ప్రభుత్వం ఎంచుకున్నది 2010 జులైలో, నాణేల మీదకి ఎక్కింది 2011 నుంచి. అప్పుడే బొరుసు మీది బొమ్మ మారి గీతలు పదయ్యాయి. అంతకుముందు అచ్చైనవాటి మీద ఆ గుర్తు లేకపోవడం సహజమే. లేని గుర్తు కోసం వెతికి, లేదు కాబట్టి దొంగదన్నాం. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ప్రకటనలో అప్పటికి 14 రకాల పది రూపాయల బిళ్ళలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ స్పష్టంగా ఉంది. 2016 నవంబరులోనూ ఇదే చెప్పారు. నాణెం నోటులా తొందరగా చిరిగిపోదు, అందుకే పాతదీ కొత్తదీ ఒకే గల్లాపెట్టెలో పక్కపక్కన తిరుగుతుంటాయి. అది తెలియక నేను రెంటికీ తగువు పెట్టాను.

తర్వాత తూకం. పది బిళ్ళ ఒక్కోటి దాదాపు 7.71 గ్రాములు, అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. వందకి దాదాపు 771 గ్రాములు రావాలి. పప్పులు తూచే కాటా మీదే వంద వంద చొప్పున పెట్టాను. కొంచెం అరిగినవి ఉన్నాయి కాబట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ, నాలుగు కుప్పలూ సరిపోయాయి. మిగిలిన పన్నెండూ చేత్తో చూశాను. 412లో దొంగది ఒక్కటీ లేదు.

అసలు విషయం ఇక్కడుంది. అబ్బాయి పాడైపోయిన స్పీకరులోంచి అయస్కాంతం తీసుకొచ్చి, ఊరికే ఆటకి ఐదు రూపాయల డబ్బాలో తిప్పాడు. కొన్ని అంటుకుని వచ్చాయి. అన్నీ దొంగవేననుకుని నా గుండె జారింది. తీరా చూస్తే వాటిలో ఎక్కువ తెల్ల ఐదులు. 2007 ప్రాంతంలో వచ్చిన స్టీలు బిళ్ళలవి, అయస్కాంతానికి అంటుకోవాల్సినవే. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలు కూడా అంటుకుంటాయి. కానీ 2009 నుంచి వస్తున్న పసుపుపచ్చ ఐదు ఇత్తడి జాతిది, రాగీ జింకూ నికెలూ కలిసినది. అది అంటుకోకూడదు. మూడు అంటుకున్నాయి.

ఆ మూడింటినీ దీపం కింద పెట్టి చూస్తే ఇన్నాళ్ళూ ఎలా తీసుకున్నానా అనిపించింది. సింహాల కింద సత్యమేవ జయతే అక్షరాలు వెన్న రాసినట్టు ముద్దగా ఉన్నాయి. అంచు గరుకు ఒకచోట లోతు, ఒకచోట నున్నన. ఒకదాని మీద పసుపు లేచిపోయి లోపల నల్ల ఇనుము కనబడుతోంది. ఇంకోదాన్ని పైనా కిందా పట్టుకుని పుస్తకం పేజీలా తిప్పితే వెనక అంకె పక్కకి ఒరిగింది. మన నాణెం అలా తిప్పితే బొమ్మా బొరుసూ రెండూ నిటారుగానే నిలబడాలి. ఇది ఎవరైనా, ఎక్కడైనా, కళ్ళజోడు ఉంటే చాలు, చేసుకోగలిగిన పరీక్ష.

అనుమానపడ్డ పదులు నిఖార్సైనవి, ఏనాడూ తిప్పి చూడని ఐదుల్లో దొంగవి. 2016లో ఢిల్లీ శివార్లలో దొంగ నాణేల కార్ఖానాని పోలీసులు పట్టుకున్నప్పుడు అక్కడ ఐదులు కూడా అచ్చు వేశారట. ఐదు రూపాయల్ని ఎవరు పట్టించుకుంటారన్న ధైర్యమే వాళ్ళ పెట్టుబడి. నాకు పోయింది పదిహేను రూపాయలు. పది బిళ్ళల భయంతో డబ్బాలో పడుకోబెట్టింది 4,120. అందులో అయిదో వంతు పెట్టుబడి చాలక కిందటి సంక్రాంతికి బెల్లం తక్కువ తెప్పించాను.

ఆ మూడూ ఎవరికైనా అంటగట్టేద్దామని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. తెలిసి చలామణి చేస్తే నేరం. మార్కరుతో అడ్డగీతలు కొట్టి విడిగా కవర్లో పెట్టాను.

బిళ్ళ మీద అచ్చైన సంవత్సరం అంకె కింద ఉండే గుర్తు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాని మీదా పుకార్లున్నాయి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది. నిజాం కాలంలో సైఫాబాద్‌లో 1903లో పెట్టిన టంకశాల, 1997లో చర్లపల్లికి మారింది. డైమండు ఆకారం ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. కోల్‌కతాలో ముద్రించినదాని మీద ఏ గుర్తూ ఉండదు. గుర్తు లేదు కాబట్టి దొంగదని మొన్న ఒకాయన వాదించారు, పాపం కోల్‌కతా బిళ్ళ అది. నేను మాత్రం ఇప్పుడు గల్లాపెట్టె కట్టేటప్పుడు నక్షత్రాలు ఏరుకుంటున్నాను, అబ్బాయి నవ్వుతున్నాడు.

దొంగనాణేల కంటే మీకూ నాకూ ఎక్కువ డబ్బు పోతున్నది ఇంకోచోట. పాత స్టీలు రూపాయీ, 2011లో మొదలైన నమూనా రెండు రూపాయల బిళ్ళా రెండూ 25 మిల్లీమీటర్లే, బరువు కూడా 4.85 గ్రాములే. చేత్తో తడిమితే తేడా తెలియదు. చూపు తగ్గినవాళ్ళు రెండు ఇచ్చి రూపాయి అనుకుంటున్నారు. ఇకనుంచి చిల్లర చేతిలో కుప్పగా పోయకుండా బల్ల మీద పరిచి, పైకి లెక్కపెట్టి ఇస్తాను. మీరూ అలాగే పరచండి, తొందరేం లేదు. ఇరవై బిళ్ళకి ఈ బాధ లేదు, పన్నెండు పలకలతో వేలికే తెలిసిపోతుంది.

ఈ వారం నుంచి మా కొట్లో పద్ధతి ఇది. పది బిళ్ళలు ఏ గీతలున్నా, రూపాయి గుర్తున్నా లేకపోయినా తీసుకుంటాం. ఇరవైలు కూడా. యాభై పైసలు కూడా చట్టప్రకారం చెల్లేదే, తెస్తే కాదనను. పావలా, అంతకన్నా చిన్నవి మాత్రం 2011 జూన్ 30తో పోయాయి. ఒకేసారి పెద్దమొత్తం ఇచ్చేవాళ్ళకి ఒక మాట: రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల వరకే చట్టప్రకారం చెల్లుబాటు, అంతకు మించితే ముందు నాకు చెప్పి తెండి. తీసుకున్నాక ఏదైనా దొంగదని తేలితే ఆ నష్టం నాది, మీ ఇంటికి రాను. చిల్లర బదులు చాక్లెట్ ఇచ్చే అలవాటు కూడా మానేస్తున్నాను, ఆ చాక్లెట్లు నేను మాత్రం ఎప్పుడైనా తిరిగి తీసుకున్నానా.

412లో రెండువందలు వందేసి చొప్పున పాలిథిన్ కవర్లలో కట్టి మళ్ళీ బ్యాంకుకి తీసుకెళ్ళాను, వేరే శాఖకి. వందల కట్టలైతే ఇద్దరికీ సులువని రిజర్వు బ్యాంకే సూచించింది. ఈసారి కౌంటర్లో అమ్మాయి ఒక కట్ట విప్పి చూసి, రెండోది విప్పకుండానే తీసుకుంది. మిగతావి చిల్లర కోసం ఉంచాను. టీ బడ్డీలవాళ్ళూ, ఆటోవాళ్ళూ చిల్లర కావాలంటే నోట్లు తెచ్చి మార్చుకోవచ్చు, సాయంత్రం ఆరుకి ముందు రండి.

పిన్నిగారి బిళ్ళ ఆ రోజే తీసుకున్నాను. ఆవిడ మాత్రం ఇప్పటికీ నేనిచ్చిన చిల్లర గుమ్మం దగ్గర ఆగి, ఒక్కోటీ తిప్పి చూసుకున్నాకే మెట్లు దిగుతున్నారు.