బాక్సు తల కాస్త దించరా

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. "స్టాండు మీద స్పీకర్ బాక్సుని ముందుకి వంచే అడాప్టరంట, ఆన్‌లైన్లో కనపడింది, కొనమంటావా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్తే నువ్వు ఆ రాత్రికే ఆర్డర్ పెట్టేస్తావు, లేదా ఆ ఊసే మర్చిపోతావు. రెండూ నాకిష్టం లేదు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నా. తీరిక చూసుకుని చదువు.

బాక్సు తల దించడం మంచిదే. నన్నడిగితే ఇంకో జత బాక్సుల మీదో కొత్త ఈక్వలైజర్ మీదో డబ్బు తగలేసే ముందు చూసుకోవాల్సింది ఇదే. కానీ ఎంత దించాలి, దేంతో దించాలి అన్న దగ్గర మన ఫీల్డులో చాలామంది అటో ఇటో పోతున్నారు.

ఆ మధ్య మా తెనాలి దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పద్యనాటకం. బాక్సులు, స్టాండ్లు హాలువాళ్ళవే, నన్ను మిక్సర్ మీద కూర్చోడానికి పిలిచారు. మా వైపు పద్యం వినేవాళ్ళ సంగతి నీకు తెలుసుగా, సగంమందికి పద్యం నోటికొచ్చు. విరామంలో చివరి వరస నుంచి ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, రాగం తెలుస్తోంది గానీ మాట తెలీట్లేదయ్యా" అన్నాడు. సౌండ్ పెంచమనలేదు చూడు. అసలు జబ్బేమిటో ఒక్క మాటలో చెప్పేశాడు.

రాగం అంటే అచ్చులు, సాగదీత. అవి కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, బాక్సు ఎటు తిరిగి ఉన్నా హాలంతా పాకుతాయి. మాట అంటే హల్లులు. స, శ, త, చ, క్ష లాంటివి మనకి తెలిసేదంతా 2,000 హెర్ట్జ్ నుంచి పైన. అవి వచ్చేది హారన్‌లోంచి, అంటే బాక్సులో పైనుండే గరాటులాంటి మూతిలోంచి. హారన్ ఎటు చూస్తే అటే పోతాయి. చివరి వరసకి వెళ్ళి నిలబడి స్టేజీ వైపు చూశాను. రెండు స్టాండ్లూ స్టేజీ మీద రెండు మూలలా పెట్టి, ఎంత లాగితే అంత పైకి లాగి ఉన్నాయి. స్టేజీ ఒక మీటరు, దాని మీద స్టాండు, దాని మీద బాక్సు. హారన్ నేల నుంచి మూడు మీటర్ల పైన ఉంది, రమారమి 3.2 అనుకో. కుర్చీలో కూర్చున్న మనిషి చెవి 1.2 మీటర్ల దగ్గర ఉంటుంది. బాక్సు నిటారుగా ఎదురు గోడని చూస్తోంది. అంటే హారన్‌కి నడిమధ్యన ఉన్న మంచి సౌండంతా జనం తలల మీదుగా రెండు మీటర్ల ఎత్తున పోయి, ఆయిల్ పెయింట్ కొట్టిన గోడకి తగిలి, మళ్ళీ స్టేజీ మీదికి వస్తోంది. గోడ పదహారు మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి సెకనులో పదో వంతుకి కాస్త తక్కువ పడుతుంది. నటుడు ఒక అక్షరం పలికి రెండోది అందుకునేలోపు మొదటిది వెనక్కి వచ్చి మీద పడుతుంది. స్టేజీ అంచున పరిచిన మైకులు దాన్ని మళ్ళీ పట్టుకుని కూస్తాయి. కూస్తాయని ఫేడర్, అదే మిక్సర్ మీద సౌండ్ పెంచే మీట, పెంచలేం. పెంచకపోతే చివరాయనకి మాట అందదు.

ఇప్పుడు తమాషా విను. ఆ బాక్సు దించి బోర్లించి చూస్తే అడుగున స్టాండు పోల్ దూర్చే కన్నాలు రెండున్నాయి. ఒకటి తిన్నగా, రెండోది కాస్త ఏటవాలుగా. ఆ రెండో కన్నంలో దుమ్ము పేరుకుపోయి ఉంది. హాలు కుర్రాడు "అది స్పేర్ సార్" అన్నాడు! స్పేర్ కాదురా బాబూ, వంచడానికి పెట్టిందే అది. యమహా డీఎక్స్ఆర్ బాక్సుల్లో ఆ రెండోది 7 డిగ్రీలు. క్యూఎస్సీ వాళ్ళు 2009లో తెచ్చిన కే సిరీస్‌లో 7.5 డిగ్రీలు. ఇంకా చాలా కంపెనీలవాటికి ఉంటుంది. కాబట్టి అడాప్టర్ సంగతి తర్వాత, ముందు నీ బాక్సుని బోర్లించి అడుగు చూడు. ఉంటే నీ డబ్బులు మిగిలినట్టే.

మేం ఆ కన్నంలోకి మార్చి పెట్టాం. మంత్రం వేసినట్టు మారిపోయిందని చెప్పను, నువ్వు నవ్వుతావు. గోడ నుంచి వచ్చే దెబ్బ కొంత తగ్గింది, మైకులు కూయకముందు ఫేడర్ ఇంకాస్త పైకి జరిగింది, వెనక వరసలకి హారన్ ఎదురుగా వచ్చింది. అంతే. ఆ మాత్రానికే రెండో అంకంలో మొదటి "వన్స్ మోర్" వెనక వరసల నుంచి వచ్చింది.

ఎంత దించాలో లెక్క చాలా సులువు. హారన్ ఎత్తులోంచి చెవి ఎత్తు తీసెయ్, సెంటీమీటర్లలో. దాన్ని చివరి వరస దూరంతో భాగించు, మీటర్లలో. వచ్చినదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అదే డిగ్రీలు. ఆ హాల్లో తేడా 200 సెంటీమీటర్లు, చివరి వరస 14 మీటర్లు. 200ని 14తో భాగిస్తే 14 చిల్లర, అందులో సగం పైచిలుకు అంటే 8 డిగ్రీలు. కంపెనీవాడు పెట్టిన 7 దానికి దగ్గరే కదా. ఇంకోటి చూడు. షామియానా కింద హరికథ, జనం పట్టాల మీద కూర్చున్నారు, చెవి 75 సెంటీమీటర్ల దగ్గర. స్టాండు నేల మీదే, హారన్ 2.3 మీటర్లు. తేడా 155, చివరి మనిషి 12 మీటర్లు. ఏడున్నర డిగ్రీల లోపే వస్తుంది. మామూలు హాళ్ళలో, మామూలు స్టాండ్లతో ఎక్కడ లెక్కేసినా నాలుగు నుంచి ఎనిమిది మధ్యలోనే తిరుగుతుంది. అందుకే నువ్వు పంపిన ఫోటోలో "30 డిగ్రీల వరకూ వంగుతుంది" అని పెద్ద అక్షరాలతో రాసిన అడాప్టర్ చూసి నేనేం మురిసిపోలేదు. ఆ ముప్పై మనకెందుకు?

ఎక్కువ వంగే సౌకర్యం ఉంటే మనవాళ్ళు ఎక్కువే వంచుతారు, అదీ నా భయం. ముందు వరసలో పెళ్ళివారు, పంతులుగారు, ప్రెసిడెంటుగారు కూర్చుంటారు. బాక్సు వాళ్ళ మొహంలోకి చూస్తుంటే మనకి తృప్తిగా ఉంటుంది. కానీ కాలవకి తూము దగ్గర ఉన్న మడికి వేరే నీళ్ళు పెట్టాలా? దాని దారి అది చూసుకుంటుంది, చూడాల్సింది చివరి మడిని. ఆ తెనాలి హాల్లో ముందు వరసకీ చివరి వరసకీ ఒక్క దూరం వల్లే 12 డెసిబెల్స్ దాకా తేడా. బాక్సుని చివరి వరస వైపు గురి పెడితే ముందువాళ్ళు హారన్ అంచులో పడతారు, అంచులో సౌండ్ ఎలాగూ తగ్గుతుంది, తేడా సర్దుకుంటుంది. అదే 20 డిగ్రీలు వంచావనుకో, హారన్ గురి ఐదున్నర మీటర్ల దగ్గర కూర్చున్నవాడి చెవిలో పడుతుంది. వాడు చెవులు మూసుకుంటాడు, వెనకవాడు "సౌండ్" అని అరుస్తాడు. నువ్వు పెంచుతావు. ముందువాడు లేచి వస్తాడు నీ మీదికి.

ఇక దేంతో వంచాలన్న సంగతి. అడుగున రెండో కన్నం లేని బాక్సయితేనే అడాప్టర్ కొను. కొనేటప్పుడు కీలు దగ్గర చూడు. పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చునే రకం కావాలి, లేదా కన్నాల్లోంచి పిన్ను దూర్చేది. ఒట్టి మర బిగింపు మీద నిలబడేది వద్దు. బేస్ బాక్సుల అదురుకి మర మెల్లగా వదులై, బాక్సు గంటగంటకీ తల వాల్చేస్తుంది. దాని మీద రాసిన బరువు నీ బాక్సు బరువుకన్నా బాగా ఎక్కువ ఉండాలి. పోల్ సైజు కూడా చూసుకో. ఎక్కువ స్టాండ్లు 35 మిల్లీమీటర్లు, అమెరికా రకం కొన్ని ఒకటిన్నర అంగుళం, అంటే 38. 35 కోసం చేసిన కన్నంలో 38 దూరదు. 38 కోసం చేసినదాంట్లో 35 పెడితే లొడలొడలాడుతుంది. దానికి మధ్యలో తొడుగు వేస్తారుగానీ అట్టముక్క కాదు. నీ షెడ్డులో అట్టముక్కలు చూశాను, అందుకే చెప్తున్నా.

అడాప్టర్ మీద వంచితే బరువు కొంచెం ముందుకి వస్తుంది. బాక్సు బరువు కేంద్రం కీలుకి 30 సెంటీమీటర్ల పైన ఉందనుకుంటే, 10 డిగ్రీలు వంచినా ముందుకి జరిగేది 5 సెంటీమీటర్లే. భరించొచ్చు. కానీ కొందరు చేసే పని ఒకటుంది, చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్టాండు వెనక కాలు కింద ఇటుక పెట్టి మొత్తం స్టాండునే ముందుకి వంచుతారు. బరువు రెండు మీటర్ల పైన ఉంది కదా, అక్కడ 7 డిగ్రీలంటే దాదాపు పాతిక సెంటీమీటర్లు ముందుకి పోతుంది. మూడు కాళ్ళ స్టాండులో కాలు కొస మధ్య నుంచి 55 సెంటీమీటర్లు ఉన్నా, రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపు ఆసరా అందులో సగమే, 27. అంటే ఒక పిల్లాడు వచ్చి తగిలితే చాలు, పద్దెనిమిది కిలోల బాక్సు ముందు వరస మీద ఉంటుంది.

ఈ సగం లెక్క ఇటుక పెట్టకపోయినా గుర్తుంచుకో. బాక్సు ఎటు వంగితే ఆ వైపు ఒక కాలు ఉండాలి. జనం వైపు వంచితే జనం వైపు ఒక కాలు, వెనక్కి రెండు. మనవాళ్ళు స్టేజీ అంచున జాగా లేదని రెండు కాళ్ళు ముందు అంచు వెంట పెట్టి ఒకటి వెనక్కి తోస్తారు. స్టాండుని ఒక అడుగు వెనక్కి లాగితే పోయేదేముంది? కాళ్ళు పూర్తిగా విప్పు, పోల్‌కి పిన్ను పెట్టు. బేస్ బాక్సు మీద మర పోల్ బిగించి దాని పైన ఈ బాక్సు పెట్టే పద్ధతి అయితే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు, కింద బరువే కాపలా.

పెట్టాక సరిగ్గా ఉందో లేదో చూడడానికి నేను రెండు పనులు చేస్తాను. పిల్లలు ఆడుకునే లేజర్ లైటు ఒకటి బాక్సు నెత్తిన, ముందు జాలీకి సూటిగా ఉండేలా టేపుతో అంటిస్తాను. హాలు ఖాళీగా ఉన్నప్పుడే సుమా, ఎవరి కళ్ళలోనూ పడకుండా. చివరి వరస దగ్గర, హారన్ నుంచి లేజర్‌కి ఎంత ఎత్తు తేడా ఉందో అంత తీసేసి చూస్తే, ఎర్ర చుక్క కుర్చీ వీపు పైన, మనిషి మొహం ఉండేచోట కనపడాలి. గోడ మీద కనపడితే ఇంకా దించాలి. రెండోది, ఒక్క బాక్సులోంచే పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష మోత) వేసి ముందు నుంచి వెనక్కి నడుస్తాను. "ష్‌ష్" అనే ఆ మోతలో పదును ఎక్కడ తగ్గి, దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుందో అక్కడికి హారన్ అంచు అయిపోయినట్టు. ముందు వరసలో కాస్త మొద్దుబారితే ఫరవాలేదు. వెనక మొద్దుబారితే మాత్రం కోణం మార్చాలి. ఫోన్లో మట్టం చూసే యాప్ కూడా ఉందిగానీ, బాక్సు నెత్తిన పెట్టకు, కొన్ని బాక్సుల పై చెక్క మొదట్నుంచీ ఏటవాలే.

వంచకూడని చోట్లూ ఉన్నాయి. సినిమాహాల్లా కుర్చీలు మెట్లుమెట్లుగా పైకి పోయే ఆడిటోరియంలో చివరి వరస చెవులు హారన్ ఎత్తుకే వస్తాయి, అక్కడ తిన్నగా పెట్టు. బాల్కనీ ఉంటే ఒక జతతో పైకీ కిందకీ ఇద్దామనుకోకు. నీ దగ్గర ఆ సన్నటి పొడుగు కాలమ్ స్పీకర్లు ఉన్నాయి కదా, వాటికి పైకీ కిందకీ పరిచే కోణం మామూలు బాక్సు కన్నా ఇరుకు. వాటిని ఎత్తున తిన్నగా పెడితే మొత్తం సౌండ్ తలల మీదుగానే పోతుంది. వాటికి రెండు డిగ్రీల తేడా కూడా తెలుస్తుంది, ఓపిగ్గా చూడు.

విడ్డూరం ఏమిటంటే, మన పెద్దవాళ్ళకి ఇదంతా తెలుసు. చెట్టుకో తాటి దుంగకో అహూజా హారన్ కట్టేటప్పుడు, వెనకున్న యూ క్లాంపు మర వదులు చేసి, మూతి ఊరి వైపు దించి బిగించేవాళ్ళు. ప్లాస్టిక్ బాక్సులు వచ్చి, పోల్ మీద గుచ్చితే నిలబడిపోతుంటే, దించే అలవాటే పోయింది.

బయట మైదానంలో వినాయక చవితికి పెడితే మాత్రం గాలిని నమ్మకు. స్టాండు పూర్తిగా లాగకు, ప్రతి కాలు మీదా ఒక ఇసుక మూట వెయ్, బాక్సు పైనున్న కొక్కేనికి తాడు కట్టి వెనక్కి గూటానికి బిగించు. వంచిన బాక్సుకి ఆ తాడు తప్పనిసరి.

నీ బాక్సు అడుగు ఫోటో, వెనక స్టిక్కర్ ఫోటో, నువ్వు ఎక్కువగా చేసే హాలు పొడవు, స్టేజీ ఎత్తు పంపు. అడాప్టర్ లింకు కూడా మళ్ళీ పంపు, కీలు దగ్గర ఫోటో పెద్దది చేసి చూస్తా. అంతవరకూ ఆర్డర్ పెట్టకు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు, పోయినసారి ఆవిడ పంపిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయిందని కూడా చెప్పు.

నీ వాడు