కడుపు క్యాన్సర్ రోగి రిపోర్టులో ఆ నాలుగు అంకెలూ ఒకేచోట ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కరోనా రోజుల్లో మొదలైన ఒక అలవాటు మన ల్యాబుల్లో స్థిరపడిపోయింది. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు అడుగున ఎన్‌ఎల్‌ఆర్ (రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి) అని ఒక వరస, పక్కన ఒక అంకె, అది కాస్త ఎక్కువుంటే లావు అక్షరాల్లో అచ్చు. కడుపు క్యాన్సర్ అని తేలిన ఇంట్లో ఇప్పుడు ఆ వరసే పెద్ద గుబులు. ఫోన్లో వెతికితే ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువుంటే బతికే కాలం తక్కువని కనిపిస్తుంది. ఆపరేషన్‌కి చెన్నై పోదామనుకున్నవాళ్లు కూడా ‘ఇంకెందుకులే’ అని ఆగిపోతున్నారు. మరోపక్క ఏ జబ్బూ లేనివాళ్లకు ఇదే అంకెను క్యాన్సర్ ముందే పసిగట్టే పరీక్షగా ప్యాకేజీల్లో కలిపి అంటగడుతున్నారు. రెండూ తప్పే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు ఈ లెక్క తెలియాలని, న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు (రెండు రకాల తెల్లకణాలు), ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన మాంసకృత్తు), సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే మాంసకృత్తు) అనే నాలుగు అంకెలనూ కలిపి చూడాలని రాస్తున్నాం.

కణితి కడుపులోనే ఉన్నా దాని ప్రభావం ఒళ్లంతా ఉంటుంది. అక్కడ పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు రక్తంలో కలిసి కాలేయానికీ ఎముక మజ్జకూ చేరతాయి. కాలేయం సీఆర్పీని ఎక్కువగా, ఆల్బుమిన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. మజ్జ నుంచి న్యూట్రోఫిల్స్ ఎక్కువ వస్తాయి. కణితిని ఎదుర్కోవాల్సిన లింఫోసైట్లు తగ్గుతాయి. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించగా వచ్చేదే ఎన్‌ఎల్‌ఆర్ కాబట్టి అది పెరుగుతుంది. జపాన్, చైనా, కొరియాల్లో జరిగిన ఎన్నో పరిశీలనల్లో ఈ అంకె ఎక్కువున్న గుంపు సగటున తక్కువ కాలం బతికిన మాట నిజం. అయితే ఒకరు హద్దు 2 దగ్గర పెడితే ఇంకొకరు 3 దగ్గర, మరొకరు 5 దగ్గర పెట్టారు. పైగా అది గుంపు లెక్క. ఆ గుంపులో ఏళ్ల తరబడి బతికినవాళ్లూ ఉన్నారు. కణితి కడుపు గోడలో ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది, కాలేయానికో పొట్ట లోపలి పొరకో చేరిందా అన్నవాటితోనే జబ్బు దశ తేలుతుంది. ఈ మూడింటితో కట్టే టీఎన్‌ఎం దశల లెక్కలో ఎన్‌ఎల్‌ఆర్‌కు చోటే లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెల్లకణాలు 9,000, వాటిలో న్యూట్రోఫిల్స్ 75 శాతం, లింఫోసైట్లు 18 శాతం, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.1 గ్రాములు, సీఆర్పీ లీటరుకు 24 మిల్లీగ్రాములు. 75ను 18తో భాగిస్తే ఎన్‌ఎల్‌ఆర్ 4.2. తర్వాత పోషణ సూచిక, అంటే పీఎన్‌ఐ. ఆల్బుమిన్‌ను 10తో గుణిస్తే 31. లింఫోసైట్ల అసలు సంఖ్య, అంటే 9,000లో 18 శాతం, 1,620. దాన్ని 0.005తో గుణిస్తే 8.1. కలిపితే 39.1. జపాన్‌లో ఒనోడెరా బృందం 1984లో ఈ సూచికను చెప్పినప్పుడు, 45 దాటితే పేగు కోసి కుట్టవచ్చని, 40 కన్నా తక్కువుంటే ఆ పని పెట్టుకోవద్దని హద్దులు పెట్టింది. ఇక సీఆర్పీ, ఆల్బుమిన్ రెంటినీ కలిపి చూసే సవరించిన గ్లాస్గో స్కోరు. సీఆర్పీ 10 దాటితే 1, దానితోపాటు ఆల్బుమిన్ 3.5 కన్నా తక్కువుంటే 2. ఈ రోగికి 2 వచ్చింది.

ఎన్‌ఎల్‌ఆర్ కన్నా చివరి రెంటికే మేము ఎక్కువ విలువిస్తాం. కారణం ఒక్కటే, వాటిని చూశాక చేయడానికి పని ఉంటుంది. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించే పీఎల్‌ఆర్ మీద మాకు నమ్మకం తక్కువ. కడుపులో పుండు నుంచి రక్తం కారుతూ ఒంట్లో ఐరన్ తగ్గితే ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. కడుపు క్యాన్సర్‌లో అది మామూలే.

ఈ అంకెలన్నీ రక్తం తీసిన రోజును బట్టి, తీసిన తీరును బట్టి మారతాయి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కీమోకు ముందు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ గానీ, ఊళ్లో ఒళ్లు నొప్పులకని వేసే స్టెరాయిడ్ సూది గానీ కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెంచి లింఫోసైట్లను తగ్గిస్తుంది. 2 ఉన్న ఎన్‌ఎల్‌ఆర్ 8 అయినా ఆశ్చర్యం లేదు. తెల్లకణాలు పెరగడానికి వేసే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ తర్వాత కూడా అంతే. పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, దగ్గు జ్వరం ఏదున్నా సీఆర్పీ పైకి పోతుంది. అది సగానికి తగ్గడానికి 19 గంటలు చాలు కాబట్టి ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆల్బుమిన్ అలా కాదు, దాని అర్ధాయువు 20 రోజుల దాకా ఉంటుంది. మూడు రోజులకోసారి దాన్ని చూపించుకోవడం డబ్బు దండగ.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అన్నీ పలచబడతాయి. జబ్బకు రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచితే ఆల్బుమిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఊదా మూత గొట్టంలో రక్తం పోశాక ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయకపోతే గడ్డకట్టి ప్లేట్‌లెట్లు తక్కువ వస్తాయి. ఉదయగిరిలోనో కనిగిరిలోనో పొద్దున తీసిన శాంపిల్‌ను ఐస్ ప్యాక్ లేకుండా బైకు మీద ఎండలో తిప్పి సాయంత్రానికి మెషీన్‌లో పెడితే ఆ లెక్కను నమ్మలేం.

మెషీన్ల సంగతీ చెప్పాలి. చిన్న ల్యాబుల్లో ఉండే త్రీ పార్ట్ మెషీన్ (తెల్లకణాలను మూడు గుంపులుగానే లెక్కపెట్టేది) మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలను విడిగా లెక్కపెట్టదు, మిగతా చిన్నాచితకా కణాలతో కలిపి ‘మిడ్’ అని ఇస్తుంది. దాంతో మోనోసైట్ల నిష్పత్తి కట్టడం అర్థం లేని పని. సీఆర్పీని స్లైడు మీద చూసి ‘పాజిటివ్’ అని రాసిచ్చే పద్ధతి ఇంకా ఉంది. ఆ లేటెక్స్ పరీక్ష లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితేనే పాజిటివ్ అంటుంది. అసలు ఉన్నది 7 అయినా 70 అయినా మాట అదే, గ్లాస్గో స్కోరుకు అది పనికిరాదు. అంకె ఇచ్చే సీఆర్పీ కావాలి. దానికోసం ఖరీదైన హైసెన్సిటివిటీ సీఆర్పీ అక్కర్లేదు. ఆ అంకె పక్కన లీటరుకా డెసిలీటరుకా అన్నది తప్పక చూడాలి. డెసిలీటరుకు 2.4 అంటే లీటరుకు 24. ‘రెండే కదా’ అని పక్కన పెట్టిన రిపోర్టులున్నాయి. ఆల్బుమిన్‌కు వాడే రంగు ద్రావకాల్లోనూ రెండు రకాలు ఉన్నాయి. బ్రోమోక్రెసాల్ గ్రీన్ వాడేచోట, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువున్నవాళ్లకు, బ్రోమోక్రెసాల్ పర్పుల్ వాడేచోట కన్నా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి మొదటిసారి ఎక్కడ చేయించారో తర్వాతా అక్కడే చేయించడం మేలు.

ఇంతకీ ఈ అంకెలతో ఏం చేయాలి? పీఎన్‌ఐ తక్కువ, సీఆర్పీ ఎక్కువ అంటే ముందు ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందేమో వెతకాలి, రెండోది తిండి చూడాలి. క్యాన్సర్ అనగానే మన ఇళ్లలో పత్యం మొదలవుతుంది. గుడ్డు మాన్పిస్తారు, చేప మాన్పిస్తారు, పెరుగు చలువంటారు, చివరికి మిగిలేది గంజి, జావ. 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గంజిలో అవి ఎక్కడున్నాయి? గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు ఆరేడు, వండిన చేప వంద గ్రాములకు దాదాపు 20. సముద్రం పక్కనున్న జిల్లాలో, చెరువు చేప ఊరూరా దొరికేచోట, రోగికి చేప ముక్క పెట్టకపోవడం మాకు బాధ కలిగిస్తుంది. కణితి అడ్డుపడి మింగుడు పడకపోతే కొద్దికొద్దిగా ఆరేడుసార్లు పెట్టాలి. అదీ కుదరకపోతే గొట్టం ద్వారా పేగులోకి ఆహారం పంపాలి. ఆరు నెలల్లో బరువు పది శాతానికి మించి తగ్గినవాళ్లకు, ఆల్బుమిన్ 3 కన్నా తక్కువున్నవాళ్లకు ఆపరేషన్ ఒకటి రెండు వారాలు వాయిదా వేసైనా సరే పోషణ ఇవ్వాలన్నది శస్త్రచికిత్స పోషణ మార్గదర్శకాల మాట. ఆ రెండు వారాల్లో ఆల్బుమిన్ అంకె పెద్దగా కదలకపోవచ్చు. అయినా ఒంటికి బలం వస్తుంది. ఇలా చేయకుండా వేల రూపాయలు పోసి ఆల్బుమిన్ సీసాలు ఎక్కిస్తే అంకె కొన్నాళ్లు బాగుంటుంది, రోగి స్థితి మారదు. అది పోషణ కాదని కుటుంబాలకు ఎవరో ఒకరు చెప్పాలి.

ప్యాకేజీల గురించి ఒక్కమాట. తొలిదశ కడుపు క్యాన్సర్‌లో ఈ అంకెలు చాలామందికి మామూలుగానే ఉంటాయి. ఎన్‌ఎల్‌ఆర్ బాగుందని నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ కూర్చోవడం ప్రమాదం. మింగుడు పడకపోవడం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీ చేయించుకుని, పుండు కనిపిస్తే ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీసి పరీక్షకు పంపాలి. జబ్బును తేల్చేది ఆ ముక్క పరీక్షే.

జిల్లా వైద్యాధికారులను మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కడుపు క్యాన్సర్ తేలిన ప్రతి రోగికీ న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, ఆల్బుమిన్, సీఆర్పీ ఒకే రోజు తీసి ఒకే కాగితం మీద ఇవ్వాలి. కణాల శాతంతోపాటు అసలు సంఖ్య, ప్రతి అంకె పక్కన కొలమానం, రక్తం తీసిన తేదీ, సమయం, ఆ వారంలో స్టెరాయిడ్ గానీ యాంటీబయాటిక్ గానీ వాడారా అన్న ఒక గడి ఉండాలి. ఏరియా ఆసుపత్రుల్లో స్లైడు సీఆర్పీకి బదులు అంకె ఇచ్చే పరీక్ష పెట్టాలి. ఎన్‌ఎల్‌ఆర్‌ను లావు అక్షరాల్లో అచ్చువేయడం ప్రైవేటు ల్యాబులు ఆపాలి. రోగి బరువు, ఆరు నెలల కిందటి బరువు కూడా ఆ కాగితం మీదే రాసి పంపితే, చెన్నైలోనో తిరుపతిలోనో చూసే సర్జన్‌కు మళ్లీ మొదటి నుంచి పరీక్షలన్నీ చేయించే పని తప్పుతుంది.

ఇట్లు
పాథాలజీ వైద్యులు కొందరు,
నెల్లూరు