దాణా సంచి మీద పీచు శాతం ఒక్కటే చాలదు

సంపాదకుల గారికి,

పీచు ఎక్కువున్న దాణా పెడితే పెద్దబాతుకు కొవ్వు తగ్గుతుందని ఈమధ్య తరచూ చదువుతున్నాను. మాట తప్పు కాదు గానీ, సగమే. అది ఏ పీచు అని ఎవరూ అడగడం లేదు.

నేను పెద్దబాతుల్ని పెంచేవాణ్ణి. ఒకసారి సంచి మీద పీచు శాతం బాగుందని దాణా కొన్నాను. బాతును కోసి కందనకాయ తెరిస్తే, గులకరాళ్ల మధ్య ఊక పొట్టు నలగకుండా అలాగే ఉంది. పొట్టలో కొవ్వు లేదు నిజమే, రొమ్ము మీద కండా లేదు. దాన్ని తక్కువ కొవ్వు అనాలా, అర్ధాకలి అనాలా?

ఊకలో మొక్కను గట్టిపరిచే, అరగని లిగ్నిన్, ఇసుకలాంటి సిలికా బాగా ఉంటాయి. ఆవుకున్న పొట్ట బాతుకి లేదు. పేగు చివరి రెండు సంచుల్లో సూక్ష్మజీవులు మెత్తని పీచును కొంత పులియబెడతాయి, అంతే. మిగిలింది గంటల్లోనే బయటికొచ్చేస్తుంది. మేసొచ్చిన బాతు రెట్ట చూడండి, గడ్డి పోగులు కళ్లకే కనిపిస్తాయి.

ఇక కొవ్వు తీరు. మొక్కజొన్న పిండిపదార్థాన్ని బాతు కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది. అందులో పామిటిక్, ఒలీయిక్ అనే కొవ్వు ఆమ్లాలే ఎక్కువ. పిండిపదార్థం తగ్గితే ఆ తయారీ తగ్గి, మేతలోంచి నేరుగా వచ్చిన కొవ్వు వాటా పెరుగుతుంది. ఆకులో ఉన్న కాస్త కొవ్వులో సగానికి పైగా ఒమేగా-3 రకం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే కాబట్టి పచ్చిగడ్డి, లూసర్న్ అనే పశుగ్రాసం తిన్న పక్షి కొవ్వులో అది కనిపిస్తుంది. నూనె తీయని తవుడు కథ వేరు. అదీ పీచు సరుకే, కానీ దాని నూనెలో ఉండేది ఎక్కువగా ఒలీయిక్, ఒమేగా-6. రెండు సంచుల మీదా ఒకే పీచు శాతం వేయొచ్చు, లోపల తయారయ్యే కొవ్వు మాత్రం ఒకటి కాదు. (ఒమేగా-3 పెరిగిన కొవ్వు త్వరగా ముక్కుతుంది కూడా. ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.)

చిన్న బాతు పిల్లలకైతే ఈ ప్రయోగాలు వద్దే వద్దు. మొదటి కొన్ని వారాలు వాటికి మెత్తటి, బలమైన దాణాయే కావాలి.

నేను కోరేది చిన్న సవరణ. పీచు శాతం పక్కనే అది ఊకదా, తవుడుదా, లూసర్న్‌దా అని కూడా సంచి మీద అచ్చు వేయించాలి. తవుడైతే నూనె తీసిందో కాదో కూడా రాయాలి.

ఇట్లు,
ఒక పెంపకందారు