ఫ్రీగా చేసిన సైట్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

సంపాదకుల వారికి,

మన విజయవాడ, గుంటూరుల్లో వెబ్ పని చేసే కుర్రాళ్లు సెలవు రోజుల్లో సేవాసంస్థలకి ఉచితంగా వెబ్‌సైట్లు చేసిపెడుతున్నారు. సంతోషం. నాదీ అదే పని. వాళ్లకి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి.

గుంటూరు బ్రాడీపేటలో తలసీమియా పిల్లలకి రక్తం ఏర్పాటు చేసే చిన్న సంస్థ ఒకటుంది. ఆ పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వచ్చే నెల చూద్దాంలే అంటే కుదరదు. 2019లో వాళ్లకి దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లతో సైట్ చేసిచ్చాను. రెండు ఆదివారాల్లో అయిపోయింది. శాలువా కప్పారు, ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను, ఇక ఆ వైపు చూడలేదు. డొమైన్, అంటే సైట్ అడ్రస్, నా పేరు మీదే, నా ఆఫీసు మెయిల్ ఇచ్చి కొన్నాను, ఆ ఉద్యోగం మానేశాక రెన్యువల్ చేయమంటూ వచ్చిన మెయిళ్లు చూసే దిక్కులేదు. గడువు దాటినా కొన్ని వారాలు ఆగుతారు, తర్వాత ఇంకో 30 రోజులు జరిమానా కట్టి తెచ్చుకోవచ్చు, అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనుక్కున్నారు కూడా. ఒకరోజు ఆ సంస్థ నడిపే మేడమ్ ఫోన్ చేసి "బాబూ, మన సైట్ నొక్కితే పేకాట వస్తోందేంటి? కరపత్రాల మీదంతా అదే అడ్రస్ వేయించాం కదా" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

సైట్ బతికున్నప్పుడైనా గొప్పగా ఏం లేదు. రక్తం ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి, కానీ ఎవరు చివరిసారి ఎప్పుడిచ్చారో రాసే గడే నేను పెట్టలేదు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే "మొన్ననే ఇచ్చానండీ" అనేవాళ్లు. ఆడపిల్లల నంబర్లు కూడా ఎవరికి పడితే వాళ్లకి కనపడేలా పెట్టాను (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది). ఒకమ్మాయి తీసేయమంటే తీయడానికి పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉంది, నేను ఊళ్లో లేను. ఏ బ్లడ్ బ్యాంకులో ఎంత నిల్వ ఉందో చూపించే ప్రభుత్వ పోర్టల్ ఈ-రక్తకోష్ అప్పటికే ఉంది. అందులో వెతకడం మేడమ్‌కి ఒక అరగంట నేర్పినా నా సైట్ కంటే ఎక్కువ పనికొచ్చేది.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడూ ఇదే వరస. నీళ్లలో చిక్కుకున్నవాళ్ల నంబర్లు రాయడానికి నాలాంటివాళ్లందరం తలా ఒక గూగుల్ షీట్ తెరిచాం. మా షీట్‌లో ఉన్న నంబరుకి చేస్తే "మేం ఎప్పుడో బయటికొచ్చేశాం, ఇలా అందరూ చేస్తుంటే ఉన్న చార్జింగ్ కాస్తా అయిపోతోంది" అన్నాడు ఒకాయన. 2018 వరదల్లో కేరళ వాలంటీర్లు అక్కడి ప్రభుత్వ ఐటీ మిషన్‌తో కలిసి అందరికీ ఒకటే సైట్ నడిపారు. అలా కలిసి చేద్దామని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఇప్పుడు ఎవరడిగినా డొమైన్ సంస్థ పేరు మీదే కొనిపిస్తున్నాను, పాస్‌వర్డ్లు వాళ్ల రిజిస్టర్లో రాయించి బీరువాలో పెట్టిస్తున్నాను. నెలకో గంట వెళ్లి కూర్చుంటున్నాను. కొత్త యాప్ అంటే పదిమంది వస్తారు గానీ, పాత సైట్‌లో పనిచేయని ఫారం బాగుచేయాలన్నా, ఆ ఫాంట్ లేనిచోట చదవడానికి రాని పాత డీటీపీ అను ఫాంట్లలో ఉన్న సమాచారాన్ని, ఏ ఫోన్‌లోనైనా కనపడే యూనికోడ్‌లోకి మార్చాలన్నా ఒక్కడూ రాడు. చూపులేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది యూనికోడ్‌లో ఉంటేనే. దీనికి శాలువాలు కప్పరు మరి.

ఆ మేడమ్‌కిప్పుడు సైట్ లేదు. ఒక నోటుబుక్కు, ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నాయి, పని జరుగుతోంది. మిగిలిన కరపత్రాల మీద పాత అడ్రస్ కనపడకుండా స్టిక్కర్లు అంటించడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను.

- ఒక వెబ్ డెవలపర్, మొగల్రాజపురం, విజయవాడ