ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,

సిబ్బంది తరఫున ఇచ్చిన వినతిపత్రాలకు సమాధానం రానందున, ఈ విషయాన్ని అందరి ఎదుట మీ దృష్టికి తెస్తున్నాను. మనుషులు చాలరన్న కారణంతో, రాత్రి డ్యూటీ ముగిసిన నర్సును పగటి డ్యూటీలోనూ కొనసాగించడం మన వార్డుల్లో అలవాటైపోయింది. తన చేతుల్లో ఒక పసిప్రాణం పోయిన కొద్ది నిమిషాలకే ఆమె మరో మంచం దగ్గర సెలైన్ ఎక్కించాలి. కాసేపు కూర్చుని ఏడవడానికి ఒక గది కూడా లేదు. ఎడతెగని పని ఒత్తిడి వల్ల కలిగే ఇలాంటి నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించగా 2019లో ఆమోదం పొందిన వ్యాధుల వర్గీకరణ వృత్తిపరమైన సమస్యగా గుర్తించింది. దాన్ని వ్యక్తి బలహీనతగా చూడటం అన్యాయం. అలసిన చేయి మందు మోతాదులో పొరబడితే నష్టపోయేది రోగి.

వరుస డ్యూటీలను వెంటనే నిలిపివేసి, ఖాళీలను భర్తీ చేసి, చెప్పుకున్న మాట పైఅధికారులకు చేరదన్న హామీతో మానసిక నిపుణుల సేవలు అందించాలని కోరుతున్నాను. ఎప్పటిలోగా చేస్తారో దయచేసి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు